విశాఖపట్నం సముద్రతీర కోత, పునరుద్ధరణ

విశాఖపట్నం సముద్రతీర కోత అనగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములోని విశాఖపట్నం నగరపు ఇసుకతీరం సముద్రపు అలల ధాటికి క్రమంగా తరిగిపోవడం. ఓడరేవుకు ఉత్తరాన కోస్టల్ బ్యాటరీ నుండి రామకృష్ణా బీచ్ మీదుగా జాలరిపేట వైపునకు సాగే తీరభాగం ఈ కోతకు ఎక్కువగా గురి అయినది. 1933లో ఓడరేవు ప్రారంభమైన తరువాత తీరం వెంబడి సహజంగా సాగే ఇసుక ప్రయాణానికి ఆటంకం ఏర్పడుటయే దీనికి ముఖ్య కారణం. ఆగిపోయిన ఇసుకను డ్రెడ్జర్ల సహాయంతో తవ్వి, తిరిగి నగర తీరంలో పోసే పద్ధతి ఇక్కడ చాలాకాలంగా అమలులో ఉన్నది. భారతదేశంలో ఇసుక భర్తీ ద్వారా తీరాన్ని నిలబెట్టుకొంటున్న నగరాలలో విశాఖపట్నం ప్రధానమైనది. అయితే ఈ పని ఒకసారి చేసి ఊరుకోదగినది కాదు. ఏటేటా కొనసాగించవలసినది కావున దాని ఖర్చును ఎవరు భరించాలన్నది కూడ తీర రక్షణలో భాగమైన ప్రశ్న.

తీర స్వరూపం

విశాఖపట్నం తూర్పు కనుమల కొండలు సముద్రాన్ని తాకే చోట ఉన్నది. నగరానికి దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ అని పిలువబడే కొండ సముద్రంలోనికి చొచ్చుకొని ఉంటుంది. దానికి ఆవల యారాడ తీరం, ఈవల ఓడరేవు ముఖద్వారం ఉన్నాయి. ముఖద్వారానికి ఉత్తరాన కోస్టల్ బ్యాటరీ, రామకృష్ణా బీచ్, జాలరిపేట, లాసన్స్ బే, కైలాసగిరి పాదతలం, జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్, ఋషికొండ వరుసగా వచ్చి, తీరం భీమునిపట్నం వరకు సాగుతుంది. భీమునిపట్నం వద్ద గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. రామకృష్ణా బీచ్‌కు ఆ పేరు అక్కడి రామకృష్ణ మిషన్ ఆశ్రమం వలన వచ్చినది.

గోదావరి, కృష్ణా డెల్టాల తీరం బురద, ఒండ్రు, ఇసుకలతో ఏర్పడిన పల్లపు నేల కాగా విశాఖ తీరం అందుకు భిన్నమైనది. ఇక్కడ రాతి కొండల నడుమ చిన్న చిన్న వంపులుగా ఇసుకతీరాలు ఏర్పడినవి. చాలా చోట్ల ఇసుక కిందనే రాయి ఉంటుంది. ఇసుక కొట్టుకొని పోయిన రోజులలో ఆ రాళ్ళు బయటపడుట నగరవాసులకు పరిచితమైన దృశ్యమే. ఒకప్పుడు ఈ ప్రాంతంలో ఇసుక ఎంత సమృద్ధిగా ఉండేదో తెలుసుకొనుటకు భీమునిపట్నం దారిలోని ఎర్రమట్టి దిబ్బలు చూడవచ్చును. వేల సంవత్సరాల కాలంలో గాలి, నీరు, సముద్రమట్టపు మార్పుల వలన ఏర్పడిన ఆ దిబ్బలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించినది.

తీరం వెంబడి ఇసుక ప్రయాణం

సముద్రతీరంలోని ఇసుక ఉన్నచోటనే ఉండదు. అలలు ఒడ్డుకు తిన్నగా కాక కొంత ఏటవాలుగా వచ్చి తాకినప్పుడు, ప్రతి అలతో పాటు ఇసుక రేణువులు కొద్దికొద్దిగా పక్కకు జరుగుతాయి. ఒక్కొక్క అల జరిపేది స్వల్పమే అయినప్పటికీ, ఏడాది పొడవునా సాగే ఈ కదలిక మొత్తం లక్షల ఘనపు మీటర్లకు చేరుతుంది.

విశాఖ తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం వైపు నుండి వచ్చుటచే ఇసుక ఉత్తర దిశగా సాగుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో దిశ మారి దక్షిణంగా సాగుతుంది. ఉత్తర దిశగా సాగే కాలము, బలము రెండూ ఎక్కువ. అందువలన ఏడాది లెక్క చూసినప్పుడు ఇసుక దక్షిణం నుండి ఉత్తరానికే పోయినట్లు తేలుతుంది.

దీనిని ఒక కుటుంబపు జమాఖర్చుతో పోల్చవచ్చును. దక్షిణం నుండి వచ్చే ఇసుక జమ. ఉత్తరానికి పోయే ఇసుక ఖర్చు. రెండూ సమానంగా ఉన్నంతకాలం తీరం నిలిచి ఉంటుంది. జమ ఆగిపోయి ఖర్చు మాత్రం యథాప్రకారం సాగితే నిల్వ తరిగిపోతుంది. తీరపు కోత అనేది ఆ నిల్వ తరుగుట తప్ప వేరు కాదు.

ఓడరేవు నిర్మాణం, కోత ఆరంభం

విశాఖపట్నంలో ఓడరేవు నిర్మాణం బ్రిటిషు పాలనాకాలంలో 1920 దశకంలో మొదలైనది. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీకి చెందిన జలదుర్గ అను ఓడ తొలిసారిగా ఇందులో ప్రవేశించినది. అదే సంవత్సరం డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ ఓడరేవును లాంఛనంగా ప్రారంభించెను.

ముఖద్వారం ఇసుకతో పూడిపోకుండా చూచుట మొదటి నుండి ఇంజనీర్లకు పెద్ద సమస్య అయినది. దక్షిణం నుండి వచ్చే ఇసుక తవ్విన కాలువలో పడి, ఓడల రాకపోకలకు అడ్డు తగులుతుంది. దీని నివారణకు రెండు పాత ఓడలను ముఖద్వారానికి దక్షిణాన ముంచి, వాటి చుట్టూ రాళ్ళు పేర్చి, ఒక ద్వీపము వంటి అలల అడ్డుగోడను ఏర్పరచినారు. ఈ గోడ చాటున నీరు నెమ్మదించుటచే ఇసుక అక్కడ దిగిపోతుంది. అలా దిగిన ఇసుకను డ్రెడ్జరుతో తీసివేసేవారు.

ఓడరేవు దృష్టిలో ఇది పూడిక. నగర తీరపు దృష్టిలో అదే ఇసుక తనకు రావలసిన జమ. కాలువకు ఉత్తరాన ఉన్న తీరానికి సహజంగా చేరవలసిన ఇసుక ఆగిపోగా అక్కడ కోత మొదలైనది. అందువలన తీసిన ఇసుకను సముద్రంలో దూరంగా పారవేయుటకు బదులు గొట్టాల ద్వారా ఉత్తర తీరానికి పంపే ఏర్పాటు అవసరమైనది. ఒక అడ్డంకి వద్ద ఆగిన ఇసుకను యంత్రంతో అవతలి పక్కకు దాటించే ఈ పద్ధతిని ఇసుక దాటింపు అనవచ్చును.

స్వాతంత్ర్యానంతరం ఇనుప ఖనిజం ఎగుమతి పెరుగుటచే పెద్ద ఓడలకు తగిన వెలుపలి ఓడరేవు అవసరమైనది. ఇది 1976లో వాడుకలోనికి వచ్చినది. దీని రక్షణకు మూడు పెద్ద రాతి అడ్డుగోడలు కట్టినారు. వాటిలో దక్షిణపు గోడ పొడవు 1,543 మీటర్లు, తూర్పు గోడ 1,070 మీటర్లు, ఉత్తరపు గోడ 412 మీటర్లు. ఈ గోడలు ఓడలకు ప్రశాంత జలాలను సమకూర్చినవి. కాని ఇసుక బాటకు అడ్డంకి మునుపటికంటె పెద్దదైనది. నగర తీరం యంత్రాలపై ఆధారపడుట ఇంకను పెరిగినది.

2009లో నగరానికి దక్షిణాన గంగవరం ఓడరేవు కూడ ప్రారంభమైనది. ఈ విధంగా ఒకే ఇసుక బాటపై ఒకటికంటె ఎక్కువ నిర్మాణాలు ఏర్పడినవి.

ఆంధ్ర విశ్వవిద్యాలయపు పరిశోధనలు

విశాఖ తీరపు మార్పులను శాస్త్రీయంగా కొలుచుట 1950 దశకం ఆరంభంలో మొదలైనది. అమెరికాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థతో సంబంధం గల ఆచార్య యూజీన్ లాఫాండ్ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, సముద్రశాస్త్ర అధ్యయనానికి పునాది వేసిరి. ఆయన, ప్రసాదరావు కలిసి వాల్తేరు తీరపు కోత చక్రాలపై వ్రాసిన పత్రం 1954లో విశ్వవిద్యాలయపు సముద్రశాస్త్ర సంపుటిలో వెలువడినది. తీరంలో ఇసుక మట్టం ఋతువులను అనుసరించి తగ్గుతూ పెరుగుతూ ఉంటుందని, ఇది ఒక చక్రమని అందు చూపినారు. తూర్పు తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో ఉన్న లోతైన లోయలను గుర్తించి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టినారు. వీటిలో రెండవ పేరు విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర ఆచార్యులు మహదేవన్ గారిది.

ఈ పరిశోధన వలన తెలిసిన ముఖ్యాంశం నేటికీ ఉపయోగపడుతున్నది. ఒక నెలలో తీరం తగ్గినదని భయపడుట, మరొక నెలలో పెరిగినదని సంతోషించుట రెండును తొందరపాటే. ఒకే ఋతువులో ఒకే చోట తీసిన కొలతలను సంవత్సరాల తరబడి పోల్చినప్పుడు మాత్రమే తీరం నిజంగా తరుగుతున్నదో లేదో తెలుస్తుంది. ఋతువును బట్టి పోయి తిరిగి వచ్చే ఇసుక వేరు, తిరిగి రాని ఇసుక వేరు.

ఇసుక భర్తీ జరిగే విధానం

ఇసుక వచ్చే దారిలో, అడ్డుగోడకు సమీపాన సముద్రపు అడుగున ఒక లోతైన గొయ్యి తవ్వి ఉంచుతారు. దీనిని ఇసుక ఉచ్చు అంటారు. దక్షిణం నుండి వచ్చే ఇసుక ఈ గోతిలో పడుతుంది. అందువలన ఓడల కాలువ పూడదు. గొయ్యి నిండిన కొలదీ దానిని మరల తవ్వవలసి ఉంటుంది.

తవ్వుటకు పీల్పుడు గొట్టాలు గల డ్రెడ్జరు ఓడలను వాడుతారు. ఇవి అడుగునున్న ఇసుకను నీటితో సహా పీల్చి తమ గర్భంలోని తొట్టిలో నింపుకొంటాయి. తరువాత తీరానికి వీలైనంత దగ్గరకు వచ్చి, నీటిపై తేలే గొట్టాలకు కలిపి, ఇసుకనీటిని పంపు ద్వారా ఒడ్డుకు చిమ్ముతాయి. నీరు తిరిగి సముద్రంలోనికి జారిపోగా ఇసుక ఒడ్డున నిలుస్తుంది. దానిని బుల్‌డోజర్లతో చదును చేస్తారు.

ఈ పనిలో గమనించవలసిన విషయాలు కొన్ని కలవు.

* ఇసుక రేణువుల పరిమాణం. పోసే ఇసుక తీరంలోని ఇసుక వలె, లేక అంతకంటె కొంచెం ముతకగా ఉండవలెను. సన్నని ఇసుక, బురద త్వరగా కొట్టుకొనిపోతాయి.
* కాలం. సముద్రం ప్రశాంతంగా ఉన్న నెలలలోనే డ్రెడ్జరు తీరానికి దగ్గరగా రాగలదు, గొట్టాలు నిలబడగలవు.
* స్థలం. ఇసుకను కోతకు గురి అయ్యే భాగానికి ఎగువన పోసినట్లయితే అలలే దానిని మిగిలిన తీరానికి పంచుతాయి. విశాఖలో ఎగువ అనగా దక్షిణపు వైపు. కోస్టల్ బ్యాటరీ ప్రాంతానికి ఈ కారణంగా ప్రాముఖ్యం ఉన్నది.
* కొలతలు. పోయుటకు ముందు, తరువాత, ఆపై ప్రతి ఋతువులోను తీరపు వాలును కొలువవలెను. లేనిచో ఎంత నిలిచినదో, ఎంత పోయినదో తెలియదు.

పోసిన ఇసుక కొంతకాలానికి మరల ఉత్తరానికి సాగిపోతుంది. దీనిని చూసి డబ్బు సముద్రంలో పోసినారని అనుట కద్దు. నిజానికి ఆ ఇసుక వృథా కాలేదు. లాసన్స్ బే, ఋషికొండ మొదలైన ఉత్తరపు తీరాలకు అందవలసిన జమగా అది చేరుతుంది.

హుద్‌హుద్ తుపాను, తరువాతి కాలం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్దనే తీరం దాటినది. గంటకు సుమారు 180 కి.మీ. వేగంతో వీచిన గాలులు నగరంలో చెట్లను, విద్యుత్ స్తంభాలను కూల్చివేసినవి. సముద్రతీరంలో నష్టం మరొక రకమైనది. ఉప్పెన, పెద్ద అలలు ఇసుకను కోసివేసి, బీచ్ రోడ్డు అంచులను, రక్షణ గోడలను, కాలిబాటలను దెబ్బతీసినవి. విశాలమైన ఇసుకతీరం ఉన్నచోట అలలు దానిపైననే తమ బలమును కోల్పోతాయి. ఇసుక తక్కువగా ఉన్నచోట అవి నేరుగా గోడను తాకుతాయి. ఇసుకతీరం విహారస్థలం మాత్రమే కాక నగరానికి మొదటి రక్షణ కవచమని ఈ తుపానుతో అందరికీ అర్థమైనది.

2016 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగినది. అనేక దేశాల యుద్ధనౌకలు పాల్గొన్న ఆ ఉత్సవానికి బీచ్ రోడ్డే వేదిక అగుటచే తీరాన్ని చక్కదిద్దే పనులపై దృష్టి పెరిగినది.

2021 డిసెంబరులో జవాద్ తుపాను తీరం దాటకుండానే బలహీనపడినది. అయినను ఆ రోజులలో సముద్రం ముందుకు వచ్చి, బీచ్ రోడ్డు పక్కనున్న పిల్లల పార్కు ప్రహరీ కూలినది. నేల కుంగి, పార్కులో పగుళ్ళు ఏర్పడినవి. తుపాను నేరుగా తాకనప్పటికీ ఇసుక నిల్వ తక్కువగా ఉన్న తీరం ఎంత బలహీనమో ఈ సంఘటన తెలిపినది.

నిధులు

విశాఖ తీర పునరుద్ధరణకు నిధులు వేర్వేరు మార్గాలలో వచ్చినవి.

ఓడరేవు: 1964 నుండి పోర్టు ట్రస్టుగా, 2021 నాటి చట్టం తరువాత పోర్టు అథారిటీగా ఉన్న విశాఖపట్నం ఓడరేవు సంస్థకు తన కాలువను లోతుగా ఉంచుకొనుట తప్పనిసరి. ఇసుక ఉచ్చును తవ్వే ఖర్చు ఆ విధంగా ఓడరేవు నిర్వహణలోనే భాగం. తవ్విన ఇసుకను దూరంగా పారవేయక తీరానికి చేర్చుటకు అయ్యేది అదనపు ఖర్చు మాత్రమే. తీర పునరుద్ధరణ విశాఖలో సాధ్యమగుటకు ఇది ముఖ్య కారణమని చెప్పవచ్చును. ఇసుక భర్తీ కొరకే డ్రెడ్జరును దూరప్రాంతం నుండి రప్పించవలసిన ఊళ్ళకు ఈ సౌలభ్యం లేదు.

డ్రెడ్జింగ్ కార్పొరేషన్: ఈ పనిని ఎక్కువగా నిర్వహించినది భారత డ్రెడ్జింగ్ కార్పొరేషన్. 1976లో ఏర్పడిన ఈ సంస్థ ప్రధాన కార్యస్థానం విశాఖపట్నమే. 2019లో కేంద్ర ప్రభుత్వం ఇందులోని తన వాటాను విశాఖపట్నం, పారాదీప్, జవహర్‌లాల్ నెహ్రూ, దీనదయాళ్ ఓడరేవులకు విక్రయించినది. ఆ విధంగా డ్రెడ్జరు యజమానులలో విశాఖ ఓడరేవు ఒకటైనది.

ప్రపంచ బ్యాంకు: హుద్‌హుద్ నష్టం తరువాత 2015లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ పథకానికి 25 కోట్ల డాలర్ల ఋణం మంజూరు చేసినది. భూగర్భ విద్యుత్ తీగలు, రోడ్లు, తుపాను ఆశ్రయాలతో పాటు పర్యావరణ పునరుద్ధరణ కూడ ఈ పథకంలో ఒక విభాగం. అందులో విశాఖ సముద్రతీర పునరుద్ధరణ, తీరవనాల పెంపకం, కంబాలకొండ, ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల పనులు చేర్చబడినవి.

విపత్తు నిధి: 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి జాతీయ విపత్తు ఉపశమన నిధి నుండి కోత నివారణకు 1,500 కోట్ల రూపాయలు, కోతకు ఇళ్ళు కోల్పోయినవారి పునరావాసానికి వేరుగా 1,000 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది. నదుల కోత, సముద్రపు కోత రెండును ఇందులోనికి వస్తాయి. ఇది దేశమంతటికీ ఉద్దేశించిన మొత్తం.

వీటిలో ఋణాలు, విపత్తు నిధులు ఒక కాలపరిమితికి లోబడినవి. గోడ కట్టుటకు, పార్కు నిర్మించుటకు అవి సరిపోవచ్చును. ఇసుక భర్తీ మాత్రం ప్రతి సంవత్సరం కావలసినది. ఒక ఏడాది డ్రెడ్జరు రాకపోతే, లేక బిల్లు విషయంలో సంస్థల మధ్య జాప్యం జరిగితే, అలలు ఆగవు. అందువలన తీరానికి కావలసినది పెద్ద మొత్తం కంటె క్రమం తప్పని మొత్తం.

మత్స్యకారులు, పౌరులు

నగర తీరంపై మొదటి నుండి ఆధారపడినవారు జాలరులు, వాడబలిజలు. పెద్ద మరపడవలు ఓడరేవు వద్దనున్న చేపల రేవును వాడుకొంటాయి. చిన్న పడవలు, తెప్పలు గలవారికి ఇసుకతీరమే రేవు. పడవను లాగి నిలుపుకొనుట, వలలు ఆరబెట్టి బాగుచేసుకొనుట, చేపలు ఎండబెట్టుట, అమ్ముకొనుట అన్నియు అక్కడనే. ఒడ్డు నుండి పలువురు కలిసి లాగే అలివి వలకు వెడల్పైన, రాళ్ళు లేని తీరం తప్పనిసరి. ఇసుక పోయి రాళ్ళు తేలినచోట వల చిరుగుతుంది, పడవ అడుగు దెబ్బతింటుంది. కోత నుండి రక్షణకు పెద్ద రాళ్ళు పోసినను వారికి అదే ఇబ్బంది. రోడ్డును కాపాడే గోడ పడవను కాపాడదు. అందువలన రాతిగోడ కంటె ఇసుక భర్తీయే మత్స్యకారులకు ఉపయోగకరం.

తీరపు ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు శీతాకాలం చివర, వేసవి ఆరంభంలో గ్రుడ్లు పెడతాయి. అటవీశాఖ, స్వచ్ఛంద సేవకులు, మత్స్యకార యువకులు కలిసి ఆ గ్రుడ్లను సేకరించి కంచెలలో భద్రపరచి, పిల్లలను సముద్రంలోనికి విడుస్తారు. తీరం ఇరుకైనప్పుడు గ్రుడ్ల గుంటలను అలలు ముంచెత్తుతాయి. ఇసుక భర్తీ పనుల కాలాన్ని నిర్ణయించునపుడు ఈ విషయాన్ని కూడ గమనించవలసి ఉంటుంది.

పౌరులు చేయగల పనులలో తీరపు మొక్కలను కాపాడుట ముఖ్యమైనది. బాలబంద తీగ, రావణాసురుని మీసాలు అని పిలిచే గడ్డి ఇసుకపై అల్లుకొని గాలికి ఎగిరే ఇసుకను పట్టి ఉంచుతాయి. వాటి చుట్టూ చిన్న దిబ్బలు ఏర్పడతాయి. తుపాను సమయంలో ఈ దిబ్బలే ఇసుక నిల్వగా ఉపయోగపడతాయి. శుభ్రత పేరుతో ఈ మొక్కలను పెరికివేయుట తీరానికి మేలు చేయదు.

గోదావరి డెల్టా తీరంతో పోలిక

విశాఖ తీరపు సమస్య అడ్డుపడిన ఇసుకది. దక్షిణాన ఉన్న గోదావరి డెల్టాలో సమస్యకు మరొక మూలం కూడ ఉన్నది. అక్కడ నది తెచ్చే ఒండ్రే తగ్గిపోయినది.

డెల్టా తీరం వేల సంవత్సరాలుగా సముద్రంలోనికి పెరుగుతూ వచ్చినది. ఏలూరుకు దక్షిణాన, గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు సరస్సు ఒకప్పుడు సముద్రతీరపు ఉప్పుకయ్య. రెండు నదుల ఒండ్రు ముందుకు పేరుకొనగా అది లోపల చిక్కుకొని మంచినీటి సరస్సు అయినది. నేడు కొల్లేరు నీరు ఉప్పుటేరు ద్వారా చాలా దూరం ప్రయాణించి సముద్రాన్ని చేరుతుంది. ఆ నడుమ ఉన్న నేల అంతయు నదులు ఇచ్చినదే.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన హేమమాలిని, నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం గోదావరి తెచ్చే ఒండ్రు 1971-79 మధ్య 15.02 కోట్ల టన్నులు ఉండగా, 1990-98 నాటికి 5.72 కోట్ల టన్నులకు తగ్గినది. ఎగువ ఆనకట్టలలో ఒండ్రు నిలిచిపోవుటను వారు ముఖ్య కారణంగా చూపినారు. 1976 నుండి 2001 వరకు డెల్టా తీరం నికరంగా 1,836 హెక్టార్ల నేలను కోల్పోయినట్లు వారు లెక్కించినారు.

డెల్టాకు ఉత్తరాన, కాకినాడ జిల్లా ఉప్పాడ వద్ద కోత తీవ్రంగా ఉన్నది. జాందానీ చీరలకు పేరుపొందిన ఈ గ్రామంలో ఇళ్ళు, కాకినాడకు పోయే బీచ్ రోడ్డు పలుమార్లు దెబ్బతిన్నవి. కాకినాడ తీరం ముందు ఉత్తరంగా పెరిగిన సుమారు 16 కి.మీ. పొడవైన హోప్ ఐలాండ్ ఇసుకదిన్నె కాకినాడ అఖాతానికి రక్షణ ఇస్తున్నది. కాని దాని వలన ఇసుక, అలల నడక మారి ఉప్పాడకు నష్టం కలుగుతున్నదని పరిశోధకుల అభిప్రాయం. అక్కడ రాతి గోడతోపాటు ఇసుక నింపిన జియోట్యూబులను కూడ వాడినారు. అవి అలల తాకిడికి దెబ్బతిన్నవి. విశాఖలో వలె ప్రతియేటా ఇసుకను తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉప్పాడకు లేకపోయినది. రెండు ఊళ్ళ అనుభవంలోని తేడాకు ఇది ఒక కారణం.

జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990-2018 మధ్య ఉపగ్రహ చిత్రాలతో చేసిన అధ్యయనంలో దేశ తీరరేఖలో 33.6 శాతం, ఆంధ్రప్రదేశ్ తీరరేఖలో 28.7 శాతం కోతకు గురి అవుతున్నట్లు తేలినది.

ఇతర ప్రాంతాల అనుభవం

పుదుచ్చేరిలో 1980 దశకం చివర ఓడరేవు అడ్డుగోడలు కట్టిన తరువాత నగరపు ఇసుకతీరం పోయి రాళ్ళు మిగిలినవి. పౌరసంఘాల దీర్ఘకాలపు ప్రయత్నం తరువాత, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీటిలో మునిగి ఉండే అడ్డుగట్టును నిర్మించగా 2018-19 ప్రాంతంలో కొంత తీరం తిరిగి ఏర్పడినది. ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్ వద్ద ఇసుకను పంపులతో నిరంతరం దాటించే శాశ్వత కేంద్రం 1986 నుండి పనిచేస్తున్నది. నెదర్లాండ్స్ దేశం 2011లో ఒకేచోట 2.15 కోట్ల ఘనపు మీటర్ల ఇసుకను పోసి, అలలే దానిని తీరమంతటికీ పంచే విధంగా ఇసుక యంత్రం అను ప్రయోగం చేసినది.

పరిమితులు, విమర్శలు

ఇసుక భర్తీ వలన కోతకు మూలకారణం పోదు. అడ్డుగోడలు ఉన్నంతకాలం భర్తీ కూడ ఉండవలసినదే. పూడిక తీయునపుడు, పోయునపుడు నీరు బురదగా మారి, అడుగున ఉండే జీవులకు కొంతకాలం హాని కలుగుతుంది. పోసిన ఇసుక తీరం నుండి చూచువారికి నెలలలోనే మాయమైనట్లు కనిపించుటచే ప్రజలలో అనుమానాలు కలుగుట సహజం. కొలతల వివరాలను ఎప్పటికప్పుడు ప్రకటించినట్లయితే ఇవి తగ్గుతాయి.

రాతి గోడలు రోడ్డును, భవనాలను కాపాడుతాయి. కాని అల గోడను తాకి వెనుకకు మరలునపుడు ముందున్న ఇసుకను తవ్వుకొనిపోతుంది. గోడ చివర కోత మరింత ఎక్కువై, తరువాతి గ్రామం వంతు వస్తుంది. ఉత్తరాన ఉన్నవారికి ఇసుక అందకుండా తీరాన్ని కాపాడినట్లయితే సమస్య పరిష్కారం కాదు, చోటు మారుతుంది.

తీర నియంత్రణ మండలి నిబంధనలు 1991లో తొలిసారి జారీ అయి, 2011లోను, 2019లోను మార్చబడినవి. తీరానికి మరీ దగ్గరగా నిర్మాణాలు పెరిగినకొలదీ సముద్రానికి సహజంగా వెనుకకు, ముందుకు కదిలే చోటు తగ్గుతుంది. అప్పుడు ప్రతి చిన్న కోత కూడ విపత్తుగా మారుతుంది. అందువలన ఇసుక భర్తీతో పాటు తీరపు దిబ్బలను, ఖాళీ స్థలాలను కాపాడుకొనుట కూడ పునరుద్ధరణలో భాగమే.

ఇవి కూడా చూడండి

* విశాఖపట్నం ఓడరేవు
* రామకృష్ణా బీచ్
* ఎర్రమట్టి దిబ్బలు
* హుద్‌హుద్ తుపాను
* ఉప్పాడ
* కొల్లేరు సరస్సు